కాపురానికి రానంటే జైలు: డాక్టర్ రఖ్మాబాయి కథ (ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఇవాళ నేరుగా కోర్టు హాల్లోంచి మొదలుపెడదాం.

1887 మార్చి 4. బొంబాయి హైకోర్టు. జడ్జి పేరు ఫారన్. ఎదురుగా 22 ఏళ్ళ అమ్మాయి. తీర్పు ఏంటంటే, నెల రోజుల్లోగా నీ భర్త ఇంటికి కాపురానికి వెళ్ళు, వెళ్ళకపోతే ఆరు నెలల జైలు. ఆ అమ్మాయి దొంగతనం చేయలేదు, ఎవర్నీ కొట్టలేదు. పదకొండేళ్ళప్పుడు జరిగిన పెళ్ళిని నేను ఒప్పుకోను అంది. అంతే.

జడ్జి జైలు అనగానే ఎవరైనా ఏం చేస్తారు? ఏడుస్తారు, బతిమాలతారు, లేదంటే పెద్దమనుషుల్ని మధ్యలో పెట్టి సర్దుకుపోతారు. ఈ అమ్మాయి మాత్రం, ఆ మనిషితో కాపురం చేయడం కంటే జైలుకెళ్ళడమే నాకిష్టం అని చెప్పేసింది.

ఆవిడే రఖ్మాబాయి. కొంతమంది రుక్మాబాయి అని కూడా రాస్తారు. ఏడేళ్ళ తర్వాత ఆవిడ డాక్టర్ అయింది. ఆ తర్వాత 35 ఏళ్ళపాటు సూరత్‌లో, రాజ్‌కోట్‌లో ఆడవాళ్ళకు వైద్యం చేసింది. 2017లో ఆవిడ పుట్టినరోజున గూగుల్ డూడుల్ కూడా పెట్టారు, మీలో కొందరు చూసే ఉంటారు.

ముందే ఒక విషయం క్లియర్ చేస్తాను. చాలా వీడియోల్లో "భారతదేశపు మొదటి లేడీ డాక్టర్ రఖ్మాబాయి" అని థంబ్‌నెయిల్ పెడతారు. అది కరెక్ట్ కాదు. ఆనందీబాయి జోషి 1886లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా తీసుకుంది, కానీ పాపం తిరిగొచ్చిన కొన్ని నెలలకే, 1887లో, 21 ఏళ్ళకే చనిపోయింది. ప్రాక్టీసు పెట్టే అవకాశమే రాలేదు. కలకత్తాలో కాదంబినీ గంగూలీ కూడా 1886లోనే చదువు పూర్తి చేసి ప్రాక్టీసు చేసింది. రఖ్మాబాయి వీళ్ళ తర్వాత వచ్చింది. అయితే మన దేశంలో ప్రాక్టీసు చేసిన తొలి కొద్దిమంది మహిళా డాక్టర్లలో ఆవిడ ఒకరు, అందులో సందేహం లేదు. ఫస్టా సెకండా అన్నది క్విజ్ ప్రశ్న. ఆవిడ ఎలాంటి మనిషి అన్నది అసలు ప్రశ్న. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

అమ్మ కథ ముందు

రఖ్మాబాయి 1864 నవంబర్ 22న బొంబాయిలో పుట్టింది. తండ్రి జనార్దన్ పాండురంగ్, తల్లి జయంతీబాయి. వాళ్ళది సుతార్ కులం, అంటే మన దగ్గర వడ్రంగులు అంటామే, అదన్నమాట. తల్లికి పద్నాలుగేళ్ళకు పెళ్ళి, పదిహేనేళ్ళకు ఈ పిల్ల, పదిహేడేళ్ళకు వైధవ్యం. ఒక్కసారి ఆ మూడు అంకెలు వరసగా చదువుకోండి. ఇప్పుడైతే ఇంటర్ సెకండియర్ పూర్తయ్యే వయసు అది.

ఆ కులంలో వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకునే ఆచారం ఉంది. కొన్నేళ్ళ తర్వాత జయంతీబాయి డాక్టర్ సఖారామ్ అర్జున్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన భార్య చనిపోయిన మనిషి, బొంబాయిలో పేరున్న వైద్యుడు. మొక్కలంటే ప్రాణం. 1883లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పెట్టిన ఎనిమిది మందిలో ఉన్న ఇద్దరు భారతీయుల్లో ఆయన ఒకరు. మళ్ళీ పెళ్ళికి ముందే జయంతీబాయి తన మొదటి భర్త ఆస్తిని కూతురి పేరు మీద పెట్టేసింది. ఈ ఆస్తి సంగతి గుర్తుపెట్టుకోండి, కోర్టులో మళ్ళీ వస్తుంది.

పదకొండేళ్ళకు రఖ్మాబాయికి పెళ్ళి చేశారు. పెళ్ళికొడుకు దాదాజీ భికాజీ, 19 ఏళ్ళు. సవతి తండ్రికి దూరపు బంధువు. పేద కుర్రాడు. ఒప్పందం ఏంటంటే ఇల్లరికం. అల్లుడు అత్తారింట్లోనే ఉండాలి, చదువుకోవాలి, ఏదో ఒక దారిలో పడాలి. డాక్టర్ గారే ఖర్చు పెట్టుకుంటారు.

పెళ్ళవగానే ఆ పిల్లను స్కూల్ మాన్పించారు. చదువు ఇంట్లోనే, మిషన్ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలతో నడిచింది. ఇంగ్లీషు ఎక్కువగా అలా సొంతంగా నేర్చుకున్నదే. పిల్ల పెద్దమనిషయ్యాక ఆనవాయితీ ప్రకారం గర్భాదానం చేయాలి. సఖారామ్ అర్జున్ వద్దన్నాడు. ఆయన డాక్టర్, చిన్న వయసులో కాన్పులు ఆడపిల్లల్ని ఏం చేస్తాయో కళ్ళారా చూసిన మనిషి. అలా రఖ్మాబాయి పుట్టింట్లోనే ఉండిపోయింది.

అల్లుడికేమో చదువు ఎక్కలేదు. ఇల్లరికం కూడా పడలేదు. వెళ్ళి మేనమామ ఇంట్లో చేరాడు. ఆ ఇంటి వాతావరణం గురించి, ఆ మేనమామ నడవడిక గురించి రఖ్మాబాయి తరఫువాళ్ళు తర్వాత కోర్టులో గట్టిగానే చెప్పారు. అతనికి ఆరోగ్యం బాగోదని, పోషించే స్తోమత లేదని కూడా చెప్పారు.

ఇక్కడ దాదాజీని పూర్తి విలన్‌ని చేసేస్తే కథ సులువైపోతుంది. నేను అలా చేయను. అతనికీ పంతొమ్మిదేళ్ళకు పెద్దవాళ్ళే పెళ్ళి చేశారు. మామగారి తిండి తింటూ, మామగారి పద్ధతిలో బతకాలంటే చాలామందికి కష్టమే. కానీ ఒకటుంది. అతనికి ఆ ఇంట్లోంచి లేచి వెళ్ళిపోయే వీలుంది, వెళ్ళిపోయాడు. ఆ వీలు ఆమెకు లేదు. అసలు కేసంతా ఇదే.

దావా

1884లో దాదాజీ లాయర్ నోటీసు పంపించాడు, నా భార్యను నా దగ్గరికి పంపండి అని. పంపలేదు. దావా వేశాడు. దీన్ని లా భాషలో దాంపత్య హక్కుల పునరుద్ధరణ అంటారు. మామూలు మాటల్లో, విడిగా ఉన్న భార్యనో భర్తనో కాపురానికి రమ్మని కోర్టు చేత చెప్పించుకోవడం.

అతని వైపు వాదన, వాళ్ళు ఆస్తి కోసం పిల్లను పంపట్లేదు అని. ఈమె వైపు వాదన, అతనికి కావాల్సింది పిల్ల కాదు, ఆస్తి అని. రెండు వైపులా లాయర్లు చెప్పాల్సిందంతా చెప్పారు. వాటన్నిటి కింద రఖ్మాబాయి చెప్పింది ఒక్కటే: ఈ పెళ్ళి జరిగినప్పుడు నాకు తెలివి తెలియని వయసు, నా అంగీకారం ఎవరూ అడగలేదు, కాబట్టి ఇది నన్ను కట్టిపడేయకూడదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఫారమ్‌లు చాలా డిజైన్ చేశాం. "నాకు అంగీకారమే" అన్న బాక్సులో ముందే టిక్ పెట్టి ఉంచితే అది యూజర్ ఒప్పుకున్నట్టు కాదు, మనమే ఒప్పేసుకున్నట్టు. కోడ్ రివ్యూలో ఇది పట్టుకుని వెనక్కి పంపిస్తారు. రఖ్మాబాయి 1885లో జడ్జి ముందు అడిగింది సరిగ్గా ఇదే. ఆ టిక్ నేను పెట్టలేదు.

కేసు మొదట విన్నది జస్టిస్ పిన్హే. 1885 సెప్టెంబర్ 21న దాదాజీ దావా కొట్టేశాడు. ఆయన లాజిక్ సింపుల్. పునరుద్ధరణ అంటే ముందు ఉన్నదాన్ని మళ్ళీ నిలబెట్టడం. వీళ్ళిద్దరూ ఒక్క రోజు కూడా కాపురం చేయలేదు. లేనిదాన్ని పునరుద్ధరించడం ఏంటి? ఇష్టం లేని యువతిని బలవంతంగా ఒక మనిషికి అప్పజెప్పడం క్రూరం అన్న అర్థంలో కూడా మాట్లాడాడు.

ఇంకో విశేషం ఉంది ఇక్కడ. ఆ కొద్ది నెలల్లోనే టైమ్స్ ఆఫ్ ఇండియాలో "ఒక హిందూ స్త్రీ" అనే పేరుతో ఉత్తరాలు వచ్చాయి. జూన్‌లో ఒకటి, బాల్యవివాహాల మీద. సెప్టెంబర్‌లో ఒకటి, వితంతువుల మీద రుద్దే కట్టుబాట్ల మీద. ఊరంతా ఎవరీవిడ అని మాట్లాడుకున్నారు. రాసింది రఖ్మాబాయే. అంటే ఒకపక్క కోర్టులో ముద్దాయిలా నిలబడి, ఇంకోపక్క పేరు చెప్పకుండా ఈ దేశపు ఆడపిల్లలందరి తరఫునా వాదిస్తోంది. ఆ ఉత్తరాల్లో నా కేసు ఇది, నాకు న్యాయం చేయండి అని ఉండదు. చదువు ఆగిపోయిన పిల్ల మనసులో ఏం జరుగుతుందో చెబుతుంది. స్కూలు మాన్పించినప్పటి బాధ ఆవిడకు పదేళ్ళైనా తగ్గలేదు.

మనకు ఆ కాలం బోధపడాలంటే ఒక గుర్తు చెబుతాను. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబర్‌లో. గురజాడ "కన్యాశుల్కం" మొదటిసారి స్టేజీ ఎక్కింది 1892లో. ఈ కేసు సరిగ్గా ఆ రెండిటి మధ్య నడిచింది. అక్కడ గోదావరి ఒడ్డున, ఇక్కడ బొంబాయిలో, అదే ప్రశ్న ఉడుకుతోంది.

ధర్మం పేరుతో ఇంగ్లీషు చట్టం

పిన్హే తీర్పు రాగానే గొడవ మొదలైంది. తిలక్ వర్గం పత్రికలు "కేసరి", "మరాఠా" ఆ తీర్పును తీవ్రంగా విమర్శించాయి. తెల్లజడ్జికి హిందూ ధర్మం తెలియదు, ఇంగ్లీషు చదువులు చదివితే ఆడవాళ్ళు ఇలాగే తయారవుతారు అన్నది వాళ్ళ వాదన. విచిత్రం ఏంటంటే అదే తిలక్ ఆనందీబాయి జోషి డాక్టర్ అయితే మెచ్చుకున్నాడు. తేడా ఎక్కడుంది? ఆనందీబాయిని చదివించింది భర్త. రఖ్మాబాయి భర్త మాట కాదంది. చదివినందుకు కాదు కోపం, కాదన్నందుకు.

బెహ్రామ్‌జీ మలబారి లాంటి సంస్కర్తలు ఈమె వైపు నిలబడ్డారు. ఈమెకు సాయం చేయడానికి ఒక కమిటీ కూడా ఏర్పడింది. కానీ ఈలోపే, 1885లోనే, సవతి తండ్రి సఖారామ్ అర్జున్ చనిపోయాడు. ఇంట్లో పెద్ద అండ పోయింది. కేసు మాత్రం ఆగలేదు.

1886లో అప్పీలు విన్న బెంచి పిన్హే తీర్పును పక్కనపెట్టి కేసును మళ్ళీ విచారణకు పంపింది. అలా వచ్చిందే మనం మొదట్లో చూసిన ఫారన్ తీర్పు.

ఇప్పుడు అసలు ట్విస్టు. ధర్మం ధర్మం అని అందరూ కొట్టుకున్నారు కదా, ఈ "కాపురానికి రావాలి, రాకపోతే జైలు" అన్నది మన శాస్త్రాల్లోంచి వచ్చింది కాదు. ఇది ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి వచ్చిన పద్ధతి. బ్రిటిష్ వాళ్ళు ఇక్కడికి తెచ్చారు. ఇంకా ఘోరం ఏంటంటే, ఇంగ్లండులో 1884లోనే ఈ విషయంలో జైలు శిక్ష తీసేశారు. అంటే దాదాజీ నోటీసు పంపిన ఆ సంవత్సరమే. లండన్‌లో తీసి పారేసిన శిక్షని మూడేళ్ళ తర్వాత బొంబాయిలో ఒక హిందూ అమ్మాయికి వేస్తుంటే, దాన్ని హిందూ ధర్మ రక్షణ అనుకుని చాలామంది చప్పట్లు కొట్టారు.

1887లో దాదాజీ తన వైపు కథను ఒక పాంప్లెట్‌గా అచ్చు వేయించాడు. రఖ్మాబాయి దానికి పేపర్లో జవాబు రాసింది. ఒక్కొక్క పాయింటు తీసుకుని సమాధానం చెప్పింది. ఆవిడ స్వభావం ఇక్కడే తెలుస్తుంది. గట్టిగా అరిచే రకం కాదు. వేదికలెక్కి ఉపన్యాసాలు ఇచ్చే రకం కాదు. కానీ తప్పు మాట పడితే మాత్రం కూర్చుని, కాగితం తీసుకుని, లెక్క తేల్చే రకం.

రాణిగారు పెళ్ళి రద్దు చేశారా?

నెట్‌లో బాగా తిరిగే ఇంకో కథ ఉంది. విక్టోరియా రాణి కలగజేసుకుని ఈ పెళ్ళిని రద్దు చేసింది అని. వినడానికి సినిమా క్లైమాక్స్‌లా ఉంటుంది. 1887 రాణి జూబ్లీ సంవత్సరం, రఖ్మాబాయి ఉత్తరం ఒకటి లండన్ టైమ్స్ పత్రికలో అచ్చయింది, అందులో ఈ చట్టాలు మార్చమని రాణి పేరెత్తి వేడుకుంది. అంతవరకు నిజం. కానీ పెళ్ళి రద్దు కాలేదు.

జరిగింది చాలా మామూలు సెటిల్‌మెంటు. 1888 జులైలో 2,000 రూపాయలు తీసుకుని దాదాజీ ఆ తీర్పును అమలు చేయించనని ఒప్పుకున్నాడు. అంతే. జైలు తప్పింది. దాదాజీ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మగవాడికి అప్పట్లో అడ్డు లేదు. రఖ్మాబాయికి మాత్రం విడాకులు లేవు, ఎందుకంటే హిందూ చట్టంలో అప్పటికి విడాకులే లేవు. కాగితం మీద ఆవిడ దాదాజీ భార్యే. నాలుగేళ్ళ పోరాటం తర్వాత ఆవిడకు దొరికింది విడుదల కాదు, కాస్త ఊపిరి. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ఈ కేసు ఒక్కదానివల్లే చట్టాలు మారిపోయాయని నేను అనను. కానీ దీనివల్ల బాల్యవివాహాల మీద చర్చ దేశం దాటి లండన్ దాకా వెళ్ళింది. మలబారి ప్రచారం, కలకత్తాలో పది, పదకొండేళ్ళ ప్రాయపు ఫూల్‌మణి భర్త బలవంతం వల్ల చనిపోయిన ఉదంతం, ఇవన్నీ కలిసి 1891లో చట్టం మార్చాయి. సమ్మతి వయసు పదేళ్ళ నుంచి పన్నెండేళ్ళకు పెరిగింది. ఆ పెంపుకే అప్పట్లో దేశం అట్టుడికిపోయింది.

లండన్

ఇప్పుడు 24 ఏళ్ళ రఖ్మాబాయి చేతిలో ఏముంది? స్కూలు చదువు సగంలో ఆగిపోయింది. ఊళ్ళో అందరికీ తెలిసిన పేరు, అదీ చెడ్డపేరుగా. అలాంటి టైంలో ఈమెను డాక్టర్ చదవమన్నవాళ్ళలో ముఖ్యమైన మనిషి డాక్టర్ ఎడిత్ పీచీ. బొంబాయిలో ఆడవాళ్ళ కోసం కట్టిన కామా ఆసుపత్రిలో డాక్టర్.

పీచీ కథ తెలిస్తే ఆవిడ ఎందుకు పట్టించుకుందో అర్థమవుతుంది. 1869లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో వైద్యం చదవడానికి చేరిన ఏడుగురు అమ్మాయిల గుంపులో ఈవిడ ఒకరు. కెమిస్ట్రీలో మంచి ర్యాంకు తెచ్చుకుంటే, ఆడపిల్లవి కాబట్టి స్కాలర్‌షిప్ నీకు రాదన్నారు. చివరికి ఆ యూనివర్సిటీ వాళ్ళెవరికీ డిగ్రీ ఇవ్వలేదు. తలుపు మూసేస్తే ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. అందుకే ఇంకో అమ్మాయికి తలుపు తీసింది.

1889లో రఖ్మాబాయి ఇంగ్లండు వెళ్ళింది. లండన్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ ఫర్ విమెన్‌లో చేరింది. 1874లో మొదలైన ఆ కాలేజీ పెట్టడంలో ముందున్నది కూడా ఎడిన్‌బరో ఏడుగురిలో ఒకరైన సోఫియా జెక్స్-బ్లేక్. చందాలతో, స్నేహితుల ఆసరాతో చదువు సాగింది. 1894లో చదువు ముగించి, బ్రస్సెల్స్ నుంచి ఎం.డి. కూడా తెచ్చుకుంది. పదకొండేళ్ళకు స్కూలు మాన్పించిన పిల్ల, ముప్పై ఏళ్ళకు డాక్టర్ రఖ్మాబాయి.

సూరత్, ఒక మేక

తిరిగొచ్చాక బొంబాయిలో పెద్ద పేరు తెచ్చుకునే వీలుంది. ఆవిడ వెళ్ళింది సూరత్. 1895లో అక్కడి ఆడవాళ్ళ ఆసుపత్రి బాధ్యత తీసుకుంది.

ఆసుపత్రి ఉంది, డాక్టరమ్మ ఉంది, పేషెంట్లు లేరు. అప్పటి ఆడవాళ్ళకు ఆసుపత్రి అంటే చావడానికి వెళ్ళే చోటు. కాన్పు అంటే ఇంట్లో, మంత్రసాని చేతుల మీదుగానే. సూరత్‌లో దీని గురించి ఒక కథ చెప్పుకుంటారు. రఖ్మాబాయి ఒక చూడి మేకను ఆసుపత్రిలోకి తెప్పించి, అక్కడే దానికి పురుడు పోసిందట. తల్లీ పిల్లా క్షేమంగా బయటికి రావడం చూశాక గాని ఆడవాళ్ళకు ధైర్యం రాలేదట.

నాకు ఈ కథ ఎందుకు నచ్చిందో చెబుతాను. ఆవిడ చేతిలో పదవి ఉంది. గదమాయించొచ్చు, మీరంతా మూఢులు అని తిట్టొచ్చు, చదువుకున్న చాలామంది చేసేది అదేగా. తను కోర్టు ఆర్డరుతో బలవంతం చేయబడిన మనిషి. ఒక ఆడమనిషి "వద్దు" అంటే దాని వెనక భయమో, లెక్కో, అనుభవమో ఏదో ఉంటుందని ఆవిడకు తెలుసు. అందుకని వాళ్ళు సరే అనేదాకా ఆగింది. ఆర్డరు వేయలేదు, నమ్మకం పుట్టించింది.

అలా సూరత్‌లో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. తర్వాత రాజ్‌కోట్‌లో జనానా ఆసుపత్రికి వెళ్ళి, 1929-30 ప్రాంతం దాకా అక్కడే ఉంది. పరదా పద్ధతి పోవాలని 1929లో ఒక చిన్న పుస్తకం రాసింది. అదే సంవత్సరం శారదా చట్టం వచ్చింది, ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు పద్నాలుగేళ్ళు అని. 1885లో ఉత్తరాలు రాసిన అమ్మాయి, 64 ఏళ్ళ వయసులో ఆ చట్టం చూసింది. 1955 సెప్టెంబర్ 25న, 90 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

తెల్లచీర

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సంగతి. 1904లో దాదాజీ చనిపోయాడు. అప్పటికి రఖ్మాబాయి పేరున్న డాక్టర్. ఆ వార్త తెలిశాక ఆవిడ తెల్లచీర కట్టుకుంది. వితంతువుల చీర.

మొదటిసారి ఇది చదివినప్పుడు నిజంగా కోపం వచ్చింది. ఏ పెళ్ళిని ఒప్పుకోనని జైలుకు సిద్ధపడిందో, ఆ పెళ్ళికి వైధవ్యం పాటించడం ఏంటి? వితంతువుల కట్టుబాట్ల మీద ఉత్తరం రాసింది ఈవిడే కదా? ఈ ఎపిసోడ్‌లో ఆ ముక్క వదిలేద్దామా అని కూడా అనుకున్నాను, హీరో ఇమేజ్ పాడవుతుందని.

ఆవిడ ఎందుకలా చేసిందో మనకు చెప్పి వెళ్ళలేదు. నేను ఆవిడ మనసులోకి దూరి చెప్పలేను. కానీ కొన్ని ఆలోచించొచ్చు. ఆవిడ పేషెంట్లు సూరత్ ఇళ్ళల్లో పరదా మాటున ఉన్న ఆడవాళ్ళు. వాళ్ళ గుమ్మం దాటి లోపలికి వెళ్ళాలంటే వాళ్ళు నమ్మే మనిషిగా ఉండాలి. ఇంకోటి, చట్టం దృష్టిలో ఆవిడ నిజంగానే వితంతువు. 2,000 రూపాయలతో కొనుక్కున్నది కాపురం తప్పించుకునే హక్కే గాని, పెళ్ళిలోంచి బయటపడే హక్కు కాదు. పదకొండేళ్ళప్పుడు ఎవరో కట్టిన ముడి నలభై ఏళ్ళకు కూడా ఆవిడ ఒంటి మీద తెల్లచీరగా కనిపించింది. అలా చూస్తే అది ఆవిడ ఓటమి కాదు, ఆ చట్టం మనిషిని ఎంత దూరం వెంటాడుతుందో చెప్పే సాక్ష్యం. అందుకే వదిలేయలేదు. మనిషిని మనిషిలాగే చూద్దాం.

మన కడపలో అదే కేసు

ఇదంతా నూట నలభై ఏళ్ళ నాటి కథ, మనకేంటి అంటారా? ఇది వినండి.

"మరో చరిత్ర" సినిమా హీరోయిన్ సరిత గుర్తున్నారా? ఆవిడకు పదహారేళ్ళప్పుడు, హైస్కూల్లో ఉండగా పెళ్ళయింది. పెళ్ళైన వెంటనే దాదాపుగా విడిపోయారు. కొన్నేళ్ళ తర్వాత భర్త కడప కోర్టులో కేసు వేశాడు. ఏమని? కాపురానికి రావాలని. హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 9. రఖ్మాబాయి మీద వేసిన దావా పేరు, ఈ సెక్షన్ పేరు ఒక్కటే: దాంపత్య హక్కుల పునరుద్ధరణ.

ఆ కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధం అని తీర్పు ఇచ్చారు. ఒక మనిషి శరీరం మీద, పిల్లల్ని కనాలా వద్దా అన్న నిర్ణయం మీద అధికారం ఆ మనిషిదే గాని ప్రభుత్వానిది కాదు అన్నది ఆయన తర్కం. అప్పటికి ఇంగ్లండు వాళ్ళే 1970లో ఈ పద్ధతిని మొత్తంగా ఎత్తేశారు. పిన్హే బొంబాయిలో ఒక కేసు వరకు చెప్పిందాన్ని, 98 ఏళ్ళ తర్వాత మన హైకోర్టు రాజ్యాంగం ఆధారంగా చెప్పింది.

పిన్హే తీర్పులాగే ఇది కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1984లో ఇంకో కేసులో సుప్రీంకోర్టు, సెక్షన్ 9 చెల్లుతుంది, కాపురాలు నిలబెట్టడానికి ఇది ఉపయోగపడుతుంది అంది. కాబట్టి ఆ సెక్షన్ ఇవాళ్టికీ పుస్తకంలో ఉంది. 2019లో దాన్ని మళ్ళీ సుప్రీంకోర్టులో సవాలు చేశారు.

న్యాయంగా రెండు మాటలు చెప్పాలి. ఇప్పుడు జైలు లేదు, మాట వినకపోతే ఆస్తి జప్తు వరకే. అలాగే ఈ సెక్షన్ భార్యలకూ వర్తిస్తుంది, వదిలేసి వెళ్ళిన భర్తల మీద ఆడవాళ్ళూ వేస్తారు. దాన్ని ఉంచాలా తీసేయాలా అన్నది మీరే ఆలోచించండి. నా అభిప్రాయం అడిగితే, ఇద్దరు మనుషులు కలిసి బతకడం కోర్టు డిక్రీతో అయ్యే పని కాదు, ఎవరు వేసినా సరే.

చివరగా

రఖ్మాబాయి గురించి చదివినంతసేపూ నాకు ఒక మనిషే కనిపించింది, ఇద్దరు కాదు. కోర్టులో "వద్దు" అన్న అమ్మాయి వేరు, ఆసుపత్రిలో మేకకు పురుడు పోసిన డాక్టర్ వేరు అనుకుంటాం. అది తిరుగుబాటు, ఇది సేవ అని రెండు డబ్బాల్లో పెడతాం. కానీ రెండింటిలోనూ ఉన్నది ఒకటే నమ్మకం. ఎదుటి మనిషి సరే అనకుండా ఆ మనిషి మీద చెయ్యి వేయకూడదు. తన విషయంలో దాన్ని అడిగి తీసుకుంది. మిగతావాళ్ళ విషయంలో అడక్కుండానే ఇచ్చింది.

మన ఇళ్ళల్లో ఇప్పుడు పదకొండేళ్ళకు పెళ్ళిళ్ళు చాలావరకు లేవు. కానీ "నీకేం తెలుసు, మేం చూసుకుంటాం" అన్న మాట ఉంది కదా, అది ఇంకా ఉంది. ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో ఉన్న అమ్మాయికి సంబంధం ఖాయం చేసి, ముహూర్తం పెట్టి, చివర్లో "నీకిష్టమేనా" అని అడుగుతారు. ఆ టైంలో అడిగితే అది ప్రశ్న కాదండి, ముందే టిక్ పెట్టిన బాక్సు. మీ ఇంట్లో ఒక చెల్లో, అక్కో, కూతురో ఉంటే కాస్త ముందుగా అడగండి. వద్దంటే ఎందుకు వద్దో వినండి. పెద్ద విప్లవం ఏం కాదు ఇది.

ఈ ఎపిసోడ్ మీ ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని చూడండి, వీలైతే వాళ్ళ పెళ్ళి ఏ వయసులో అయిందో, అప్పుడు వాళ్ళనెవరైనా అడిగారో లేదో కనుక్కోండి. ఏం చెప్పారో కామెంట్స్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు, నమస్తే.